అచ్చక్షరాల అందచందాలు

మా మేనకోడలి పెళ్లి కుదిరింది. మా అక్కయ్యా వాళ్లది గుడివాడ, మగపెళ్లివారిది దివిసీమ. ఇరుపక్షాలకూ అందుబాటుగా వుంటుందని పెళ్లి పామర్రులో పెట్టుకున్నారు. గుడివాడ నుంచి వచ్చినా, బందరు నుంచి వచ్చినా, అవనిగడ్డ నుంచి చల్లపల్లి మీదుగా వచ్చినా అందరూ కలిసే కూడలి అదే కదా! ఇంతవరకూ బాగానే వుంది. శుభలేఖలు అచ్చు వేయించే బాధ్యత మాత్రం బందరులో వుంటున్న నా నెత్తిన పెట్టారు.

ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు నాకు నలభై రకాల అక్షరాలు చూపించాడు. వాటిలో మెలికలు ఎక్కువ తిరిగిన అక్షరాలు ఏరి, "ఇవి వెయ్యి, పెళ్లికళ వుట్టిపడుతుంది" అన్నాను. ఆ కుర్రవాడు ఒక్క క్షణం నా మొహం వంక చూశాడు గాని ఏమీ అనలేదు. వున్నంతలో ఖరీదైన కార్డు మీద బంగారు రంగులో అచ్చు వేసి ఇచ్చాడు.

మొదటి శుభలేఖ దేవుడి దగ్గర పెట్టి, రెండోది ఇంటికి పెద్దదిక్కైన మా పెద్దమ్మకు ఇవ్వటానికి బావగారూ నేనూ అవనిగడ్డ వెళ్లాం. పెద్దమ్మకు ఎనభై దాటాయి. కంటిపొర తీయించుకుని ఏడాదైంది. ఏ కాగితం చేతికి వచ్చినా పైకి చదవటం ఆమె అలవాటు. కళ్లజోడు సవరించుకుని శ్రీరస్తు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. వధూవరుల పేర్లు కూడబలుక్కుని చదివి, కల్యాణమండపం దగ్గర ఆగిపోయింది.

"ఒరే అబ్బాయీ, ఈ వామర్రు ఎక్కడరా? కృష్ణకు అవతలా, ఇవతలా?"

బావగారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. కార్డు ఒళ్లో పెట్టుకుని, "మళ్లీ పొర కమ్మిందన్నమాట. ఆ డాక్టరు బాగుందన్నాడే!" అంది మెల్లగా.

ఆ మాటతో మా నవ్వు ఆగిపోయింది. కార్డు తీసుకుని నేను చదివాను. చదివితే ఏముంది? నా కళ్లకూ అది వామర్రే! తప్పు ఆమె కళ్లది కాదు. నేను ముచ్చటపడి ఏరిన అక్షరాలది.

సందులో వుంది సంగతంతా

పిల్లలకు అక్షరాలు దిద్దించిన ప్రతి తల్లికీ ఈ సంగతి తెలుసు. 'ప' అక్షరానికి తలకట్టు విడిగా నిలబడుతుంది. అదే తలకట్టు కిందికి వచ్చి ఒంటిని తగిలిందా, అది 'వ' అయి కూర్చుంటుంది. రెంటికీ మధ్య వున్నది బియ్యపు గింజంత సందు. నేను ఏరిన అక్షరాల్లో ఆ సందు మొదటే సన్నం. దానికి తోడు బంగారు రంగు ఒత్తుగా పరచుకుంది. వున్న కాస్త సందూ పూడిపోయింది.

తెలుగు లిపిలో ఇటువంటి సందులూ, చుక్కలూ చాలా వున్నాయి. పొట్టలో చుక్క పోతే 'థ' కాస్తా 'ద' అవుతుంది. కాలికింద గీత పోతే 'ధ' గతీ అంతే. 'మ'కూ 'య'కూ వున్న తేడా చెప్పమంటే బడిపిల్లలు తల గోక్కుంటారు. అందుచేత తెలుగు అక్షరాలకు అచ్చు తయారు చేసేవాడు అందం ఒక్కటే చూసుకుంటే చాలదు. ఏ అక్షరం దేనితో తారుమారవుతుందో ముందుగా వూహించాలి. నాసిరకం కాగితం మీద సిరా ఎంత పరచుకుంటుందో లెక్క వేసుకుని, సందులు కాస్త ఉదారంగా వదలాలి.

మనిషికి వున్నట్లే అచ్చక్షరానికీ ముఖం వుంటుంది. ఇంగ్లీషువారు దాన్ని టైప్ ఫేస్ అన్నది అందుకే. కొన్ని ముఖాలు పెళ్లిపందిట్లో రాణిస్తాయి. కొన్ని కచేరీ కాగితాల మీద నప్పుతాయి. కొన్ని ఎక్కడా కొట్టవచ్చినట్లు కనపడకుండా, ఇంట్లో పెద్దకోడలి మాదిరి అన్ని పనులూ చక్కబెట్టుకుపోతాయి. పుస్తకానికీ పత్రికకూ కావలసింది ఈ మూడోరకం.

దొరల దేశంలో అక్షరాల పేచీ

జర్మనీలో గూటెన్‌బర్గ్ సుమారు 1455లో బైబిలు అచ్చువేసినప్పుడు, ఆ అక్షరాలు లేఖకుల చేతివ్రాతకు నకళ్లు. తరవాత వచ్చిన శిల్పులు ఎవరి దారి వారు చూసుకున్నారు. పదహారో శతాబ్దంలో పారిస్‌లో గారమాండ్ చెక్కిన అక్షరాలు సుకుమారంగా వుంటాయి. లండనులో కాస్లన్ చెక్కినవి నమ్మకమైన పాతకాపుల వంటివి. ఇటలీవాడు బొడోని అక్షరాల్లో లావుగీత బాగా లావు, సన్నగీత వెంట్రుకవాసి.

బర్మింగ్‌హామ్‌లో బాస్కర్‌విల్ అనే ఆయన వుండేవాడు. వ్రాతపాఠాలు చెప్పి, లక్కపూత సామాన్లు అమ్మి డబ్బు గడించాడు. ఆ డబ్బంతా అచ్చక్షరాల మీద పోసి 1757లో తన మొదటి పుస్తకం తెచ్చాడు. అక్షరాలు మరీ నాజూకుగా వున్నాయనీ, అవి చదివితే దేశంలో అందరికీ కళ్లు పోతాయనీ గిట్టనివాళ్లు ప్రచారం చేశారు. అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వయంగా ముద్రాపకుడు. ఆయన ఇటువంటి విమర్శకుడికి ఒక కాగితం చూపించి, "ఇవిగో బాస్కర్‌విల్ అక్షరాలు, దోషాలు చూపించండి" అన్నాడు. ఆయన దోషాలన్నీ వరసగా ఎత్తిచూపి, చదువుతుంటే కళ్లు నొస్తున్నాయన్నాడు. తీరా చూస్తే అవి అందరూ మెచ్చుకునే కాస్లన్ అక్షరాలు! కాగితం పైభాగం ఫ్రాంక్లిన్ ముందే చింపేశాడు. ఈ వైనమంతా ఫ్రాంక్లినే 1760లో బాస్కర్‌విల్‌కు వుత్తరం వ్రాసి చెప్పాడు.

అక్కడ ఆ పెద్దమనిషి మంచి అక్షరాన్ని నిందించాడు. ఇక్కడ మా పెద్దమ్మ చెడ్డ అక్షరాన్ని వదిలిపెట్టి తన కళ్లను నిందించుకుంది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు తరచు చేసేది ఈ రెండో పనే.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే, లండను టైమ్స్ పత్రిక 1932లో తన కోసం కొత్త అక్షరాలు చేయించుకుంది. తక్కువ చోటులో ఎక్కువ మాటలు పట్టాలి, చదవటానికి ఇబ్బంది వుండకూడదు. అదే టైమ్స్ న్యూ రోమన్. 1957లో స్విట్జర్లాండులో ఏ సొగసులూ లేని మరో అక్షరం పుట్టింది. 1960లో దానికి ఆ దేశపు లాటిన్ పేరును బట్టి హెల్వెటికా అని పేరు పెట్టారు. రైల్వేస్టేషన్ల బోర్డుల మీదా, మందు డబ్బాల మీదా కనిపించే నున్నటి ఇంగ్లీషు అక్షరాల్లో చాలా భాగం దాని సంతతే.

రాతి నుంచి ఆకు, ఆకు నుంచి సీసం

మన దగ్గర కథ ఇంకా పాతది. దివిసీమ దారిలోనే వున్న ఘంటసాలలో బౌద్ధుల కాలపు శిథిలాలతోపాటు, బ్రాహ్మీ లిపిలో చెక్కిన ప్రాకృత శాసనాలు దొరికాయి. ఆ అక్షరాల్లో నిలువుగీతలూ అడ్డగీతలూ ఎక్కువ. వులికి తిన్నటి గీత సులువు కదా! ఆ బ్రాహ్మి నుంచే దిగివచ్చిన మన అక్షరాలు గుండ్రంగా మారటానికి తాటాకు కారణమంటారు. గంటంతో ఆకు ఈనె వెంబడి తిన్నగా గీస్తే ఆకు చీలుతుంది. గుండ్రంగా తిప్పితే చీలదు.

ఆ తాటాకులను కాపాడి అచ్చుకెక్కించిన మహానుభావుల్లో ఒకరు మన దివిసీమవారే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1888లో పెదకళ్లేపల్లిలో పుట్టారు. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలోనూ, ఆ తరవాత తిరుపతిలోనూ తాళపత్రాలతోనే జీవితం గడిపారు.

తెలుగు అక్షరం మొదట సీసంలోకి దిగింది తెలుగుదేశంలో కాదు, జర్మనీలో. మద్రాసులో మతప్రచారం చేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746లో హాలే పట్నంలో తెలుగు అచ్చు వేయించాడు. తరవాత వంగదేశంలో శ్రీరామపురం మిషను ప్రెస్సు వంతు వచ్చింది. అక్కడ పంచానన కర్మకార్ అనే కమ్మరి శిల్పి విలియం కేరీ కోసం దేశభాషల అచ్చులు చెక్కటం మొదలుపెట్టాడు. ఆయన తరవాత అల్లుడు మనోహర్ ఆ విద్య కొనసాగించాడు.

అచ్చు పుట్టే తీరు ఇది. ముందు వుక్కుకమ్మీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. దాన్ని రాగిముక్క మీద పెట్టి కొడితే గుంట పడుతుంది. ఆ గుంటే మాతృక, అంటే తల్లి. అందులో సీసం, అంటిమొని, తగరం కలిపి కరిగించిపోస్తే ఎన్ని కావాలంటే అన్ని అక్షరాలు పుడతాయి. పెడనలో కలంకారీ అద్దకానికి కొయ్య అచ్చులు చెక్కేవారిని చూసినవాళ్లకు ఈ పని కొత్తగా తోచదు. పువ్వును తిరగేసి చెక్కటానికీ, 'ప'ను తిరగేసి చెక్కటానికీ కావలసిన చూపు ఒకటే. సందు ఎక్కడ వదలాలో చేతికి తెలియాలి.

1812 మార్చిలో శ్రీరామపురం ప్రెస్సు తగలబడింది. ఎన్నో భాషల అక్షరాలు కరిగి ముద్దలైపోయాయి. అయితే బూడిదలో వెతికితే వుక్కు అచ్చులు చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగిన లోహాన్నే మళ్లీ పోతపోశారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం ఆ ప్రెస్సు నుంచే వెలువడింది. 1816లో మద్రాసులో క్యాంబెల్ వ్యాకరణం వచ్చింది. 1820లలో మన బందరులో వుద్యోగం చేసిన సి. పి. బ్రౌన్ వ్రాతప్రతులు సేకరించి, పండితుల చేత సాపు వ్రాయించి, 1829లో వేమన పద్యాలూ, 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువూ అచ్చులోకి తెచ్చాడు.

బందరు ప్రెస్సుల ముచ్చట

బందరులో అచ్చు అనగానే గుర్తుకు వచ్చేది కృష్ణాపత్రిక. 1902లో మొదలైంది. ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945లో కన్నుమూసేవరకూ దానికి సంపాదకులు. ఆ రోజుల్లో పత్రిక అంటే ప్రతి అక్షరమూ చేత్తో ఏరి పేర్చవలసిందే.

ఇంగ్లీషు కంపోజిటరుకు వర్ణమాలలో వున్నవి ఇరవై ఆరు అక్షరాలు. తెలుగు కంపోజిటరు ముందు కేసుల్లో గళ్లు వందల్లో వుండేవి. గుణింతాలకు వేరే దిమ్మలు, ఒత్తులకు వేరే దిమ్మలు. గుడీ ఏత్వమూ అక్షరం నెత్తినెక్కుతాయి. ఒత్తు కాళ్ల కింద దూరుతుంది. ఒక్కొక్కప్పుడు అక్షరానికీ ఒత్తుకూ పొత్తు కుదరక రెంటి మధ్యా తెల్లగా ఖాళీ మిగిలేది. కంపోజిటరు స్టిక్కు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో గళ్లలోంచి అక్షరాలు ఏరి, వాటిని తిరగేసి చదువుకుంటూ పేర్చేవాడు. అచ్చు అయ్యాక అదే అక్షరాలను విడగొట్టి ఎవరి గడిలో వారిని పడెయ్యాలి. 'ప' గడిలో 'వ' పడిందా, మర్నాటి పత్రికలో పామర్రు వామర్రే!

వారపత్రికల్లో కథల పేర్లు మాత్రం చిత్రకారులు చేత్తో వ్రాసేవారు. అట్లా వ్రాసినవాళ్లలో బాపుగారి చేతివ్రాత చివరకు తెలుగువాళ్లందరి సొత్తు అయింది. అది కంప్యూటరు అక్షరంగా మారి, ఆయన 2014లో వెళ్లిపోయాక కూడా శుభలేఖల మీద పలకరిస్తూనే వుంది.

మన వూరివాళ్లే అక్షరాలైతే

ఇంతకూ మా శుభలేఖ సంగతి. అవనిగడ్డ నుంచి రాగానే బావగారిని వెంటబెట్టుకుని ప్రెస్సుకు వెళ్లాను. కుర్రవాడు కార్డు చూసి, "ఆ అక్షరాలు పెద్ద సైజులో పేర్లకు బాగుంటాయి మాస్టారూ. చిన్న సైజులో చిరునామాలకు పనికిరావు. మీరు ముచ్చటపడ్డారని వూరుకున్నాను" అన్నాడు.

"కంప్యూటరుకు ఆపాటి తెలియదుటోయ్?" అన్నారు బావగారు.

కంప్యూటరుకు తేడా బాగానే తెలుసునట! 1991లో వచ్చిన యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాలన్నిటికీ అంకెలు కేటాయించారు. 'ప' అంకె 3114, 'వ' అంకె 3125. యంత్రం దృష్టిలో వాటి మధ్య పదకొండు అంకెల దూరం వుంది. తారుమారయ్యే ప్రసక్తే లేదు. అయితే ఆ అంకెకు ఏ ముఖం తొడగాలన్నది మనం చెప్పాలి. ముఖం కుదరకపోతే బాధపడేది మనిషి కళ్లు.

కుర్రవాడు అక్షరాల జాబితా తెరిచాడు. విండోస్‌తో వచ్చే గౌతమి కనిపించింది. "అది గోదావరి పాయ. మన కృష్ణ ఏం పాపం చేసింది?" అని బావగారు నొచ్చుకున్నారు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు అమెరికాలో వుంటూ తయారు చేసిన పోతన, వేమన కనిపించాయి. తరవాత పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, రామరాజ, తెనాలి రామకృష్ణ వరసగా వచ్చారు! భువనవిజయమంతా ఒక్క డబ్బాలో దిగింది. వెనకాలే శ్రీకృష్ణదేవరాయలు కూడా వున్నాడు. ఆముక్తమాల్యద వ్రాయమని ఆంధ్రమహావిష్ణువు రాయలకు కలలో ఆనతిచ్చింది మన ఘంటసాల పక్కనున్న శ్రీకాకుళంలోనే కదా!

మరి రెండు పేర్లు చూసేసరికి బావగారి ముఖం వికసించింది. ఒకటి ఎన్టీఆర్. పామర్రు దగ్గర నిమ్మకూరులో 1923లో పుట్టి, 1983లో గుడివాడ నుంచి గెలిచి, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం స్థాపించిన రామారావుగారి పేరది. రెండోది మండలి. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి, అవనిగడ్డ మండలి వెంకటకృష్ణారావుగారి పేరు. ఇవన్నీ అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ చేయించి, ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని వదిలిపెట్టినవి. మండలి అక్షరాలను పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించారు. వార్తాపత్రికలను మనసులో పెట్టుకుని చేసినవి గనుక గీత ఒకే తీరుగా సాగుతుంది, సందులు తేటగా వుంటాయి. రామభద్ర అక్షరాలు బాగా లావు. శీర్షికలకే గాని చిన్న అక్షరాలకు పనికిరావు.

వధూవరుల పేర్లు నేను ముచ్చటపడ్డ మెలికల అక్షరాల్లోనే వుంచి, ముహూర్తమూ, చిరునామా, మిగతా సంగతులన్నీ మండలిలో, సైజు కాస్త పెంచి, నల్లసిరాతో వేయించాం. బంగారు రంగు శ్రీరస్తుకే పరిమితం చేశాం.

రెండు శుభలేఖలు

మళ్లీ అవనిగడ్డ వెళ్లాం. ఈసారి పెద్దమ్మ కార్డు అందుకునే ముందు మాకు ఒక కాగితం చూపించింది. అది 1959 నాటి ఆమె పెళ్లి శుభలేఖ, బందరులో అచ్చయింది. ఎర్రసిరా వెలిసి ఇటుకరంగుకు దిగింది. వెనకవైపు వేలితో తడిమితే సీసపు అక్షరాలు నొక్కుకున్న గుర్తులు ఇంకా తగులుతున్నాయి.

"మేం అప్పుడు నాగాయలంక దగ్గర వుండేవాళ్లం. 1977 వుప్పెనలో పెట్టెలన్నీ పోయాయి. మీ పెదనాన్న వ్రాసిన వుత్తరాలన్నీ పోయాయిరా. వాటికి రెండో కాపీ ఎక్కడుంటుంది? ఇది మాత్రం గుడివాడలో మీ అమ్మ దాచుకుంది. తరవాత నాకు ఇచ్చింది" అంది.

ఆ సంవత్సరం నవంబరు 19న సముద్రం దివిసీమ మీదికి వచ్చి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్న సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. మనుషులు పోయినచోట కాగితాల గురించి ఎవరు ఏడుస్తారు? అయినా చేతివ్రాత ఒక్కటే ప్రతి. అది నీళ్లలో పోతే పోయినట్లే. అచ్చువేసినది నాలుగిళ్లల్లో వుంటుంది. ఒక ఇల్లు మునిగినా మరో ఇంట్లో బతికి వుంటుంది. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

పెద్దమ్మ కొత్త శుభలేఖ తీసుకుంది. వధూవరుల పేర్ల దగ్గర కాస్త తడుముకున్నా, తరవాత ఎక్కడా ఆగకుండా ముహూర్తం చదివింది, మండపం చదివింది, "పామర్రు" అని నొక్కి మరీ చదివింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "డాక్టరుది తప్పులేదన్నమాట" అంది.

మొదట వేయించిన కార్డులు మా ఇంట్లో మూలన ఇంకా వున్నాయి. వాటి వెనకభాగం తెల్లగానే వుంది గనుక మా ఆవిడ పాలపద్దు, చాకలిపద్దు వ్రాసుకుంటోంది. పోతే, పామర్రు పెళ్లికి పెద్దమ్మే అందరికంటే ముందు చేరింది. మండపం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందరితోనూ, "వామర్రు పెళ్లివారు ఇటు రండి" అంటూ నన్ను చూసి నవ్వింది!